నేను, మోలియేర్, ఒక మేకప్ బాకీ

మీరు కాబట్టి చెబుతున్నాను. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో కుర్చీ దొరకాలంటే కోడి కూయకముందే వెళ్లాలి. చుట్టూ గ్రూప్ వన్, గ్రూప్ టూ పిల్లలు దించిన తల ఎత్తరు. వాళ్ల మధ్య యాభై ఆరేళ్ల నేను, ఫ్రెంచి నాటకకర్త మోలియేర్ రాసిన పిసినారి నాటకాన్ని ఇంగ్లీషులో చదువుతూ పగలబడి నవ్వాను. పక్క కుర్రాడు పాలిటీ పుస్తకంలోంచి తలెత్తి చూశాడు. ఆ చూపు నాకు ఆరాధనలా కనిపించింది. నా పతనం అక్కడ మొదలైంది.

నారాయణగూడ చౌరస్తా చేరేలోపు తీర్మానం అయిపోయింది: దీన్ని తెలుగు చేసేది నేనే, వేషం కట్టేదీ నేనే. మర్నాడే ఐదొందల కరపత్రాలు అచ్చేయించాను. ‘తెలుగు గడ్డపై తొలిసారిగా మోలియేర్!’ పైన నా ఫొటో. కింద, చీమ తలకాయంత అక్షరాల్లో, పాపం ఆయన పేరు.

కథ 1668 నాటిది. ఆర్పగోన్ అనే ముసలి లోభి డబ్బుపెట్టెను తోటలో పాతిపెట్టి, దాని చుట్టూ తిరుగుతుంటాడు. నేను వాణ్ణి అశోక్‌నగర్ హాస్టల్ ఓనర్ హరగోపాలం చేశాను. అశోక్‌నగర్‌లో తోటెక్కడిది? పెట్టెను నీళ్ల సంపు పక్కకు మార్చాను. మార్చక్కర్లేనిది ఒక్కటే దొరికింది, కట్నం. కూతుర్ని కట్నం లేకుండా చేసుకుంటానన్నాడని ఒక ముసలాడికి కట్టబెట్టబోతాడు ఆ తండ్రి. ఎవరేం చెప్పినా ఆ ‘కట్నం లేకుండా’ దగ్గరే తిరుగుతుంటాడు. మూడున్నర శతాబ్దాల కిందటి పారిస్ తండ్రి మన పెళ్లిచూపుల్లోంచి లేచి వెళ్లినట్టుంటాడు. రిహార్సల్లో ఆ ఘట్టానికి అందరూ నవ్వితే, అది నా సొంత కల్పన అన్నట్టు తలవంచి వినయం నటించాను. ఇలాంటివి మీరూ చేసే ఉంటారు, బయటికి చెప్పరంతే.

ఇంట్లో అద్దం ముందు సాధన చేస్తుంటే మా ఆవిడ కాఫీ పెట్టి, “ఈ వేషానికి మీకు సాధన దేనికండీ?” అని వెళ్లిపోయింది. మెచ్చుకుందనే అనుకున్నాను. మూల నాటకంలో వంటవాడూ బండివాడూ ఒకడే. యజమాని ఎవరితో మాట్లాడతానంటే ఆ కోటు తొడుక్కుని నిలబడతాడు. మా బృందంలో ప్రాంప్టర్, లైట్ల మనిషి, టీ తెచ్చే కుర్రాడు ముగ్గురూ ఒకడే. అతనికి కోటు కూడా లేదు. దాన్ని నేను పొదుపు అనేవాణ్ణి.

త్యాగరాయ గానసభలో ఆడేంత స్థాయి నాకుందని నేను అనుకున్నాను గానీ నా జేబు అనుకోలేదు. కాలనీ కమ్యూనిటీ హాల్లో ఆడాం. తెర లేచింది. నేను మాసిన పంచెతో ఇలా వచ్చానో లేదో వెనక వరసలోంచి ఒకడు “అంకుల్, కోడి ఏదీ?” అన్నాడు. హాలంతా ఘొల్లుమంది. 1987లో జంధ్యాల ‘అహ నా పెళ్ళంట’లో కోట శ్రీనివాసరావు కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ అన్నం తిన్నాక ఈ రాష్ట్రంలో ఇంకో పిసినారి స్టేజీ ఎక్కడమే సాహసం. ఆ సినిమాకు మూలం ఆదివిష్ణు నవల ‘సత్యంగారిల్లు’, నాది ఫ్రెంచి సరుకు అని కోడి గోలలో ఎవరికి చెప్పను?

అయినా నా ఆశంతా పెట్టె పోయే ఘట్టం మీదే. అందులో లోభి పిచ్చెత్తి, దొంగ దొరికాడని తన చెయ్యి తానే పట్టుకుంటాడు, ప్రేక్షకుల్నీ అనుమానిస్తాడు. నాకు పూనకం వచ్చింది. స్టేజీ దూకాను, విగ్గు ఊగింది, పంచె జారింది, ఒక చేత్తో పంచె పట్టుకుని రెండో చేత్తో జనాన్ని చూపిస్తూ “నా డబ్బు ఎవడి దగ్గరుంది? లేవండి, లేచి చెప్పండి!” అని అరిచాను, మూడో వరసలోంచి ఒకాయన నిజంగానే లేచాడు, ఎవరా అని చూస్తే మా మేకప్ ఆయన, “మీ డబ్బు సంగతి నాకెర్క లేదు సార్, నా పైసలు మాత్రం మీ దగ్గరున్నయి, పన్నెండొందలు, ఎప్పుడిస్తరు?” అన్నాడు.

చప్పట్లే చప్పట్లు. ఆ రాత్రి మొత్తం మీద పడిన పెద్ద చప్పట్లు అవే. నాటకంలో భాగమే అనుకున్నారు. ముందు వరసలో మా ఆవిడ మాత్రం అనుకోలేదు.

అక్కడితో పోయిందా? తెర పడ్డాక చేతికర్రతో ఒక పెద్దాయన వచ్చి, నా కరపత్రం జాగ్రత్తగా మడత విప్పి, “బాబూ, భమిడిపాటి కామేశ్వరరావు గారు తెలుసా?” అని మెల్లగా అడిగారు. నేను విగ్గు తీస్తూ, “మీ బంధువులాండీ? నాటకానికి వచ్చారా?” అన్నాను.

ఆయన నవ్వలేదు, అదీ ఆయన మర్యాద. కామేశ్వరరావు గారు 1897లో పుట్టి, రాజమండ్రిలో లెక్కలు చెబుతూ, మోలియేర్ నాటకాల్ని గోదావరి నీళ్లతో కడిగి తెలుగు చేసి, హాస్యబ్రహ్మ అనిపించుకుని, 1958లో వెళ్లిపోయారట. అంటే నా ‘తొలిసారి’ నేను పుట్టకముందే అయిపోయింది. రోజూ లైబ్రరీకి వెళ్తున్నాను గానీ తెలుగు నాటకాల బీరువా వైపు నడిచిన పాపాన పోలేదు. ఆ మాటకొస్తే మోలియేరూ తొలివాడు కాదు, రోమన్ ప్లాటస్ బంగారు కుండ కథలోంచి తెచ్చుకున్నాడు. ఈ ముక్కతో పెద్దాయన ముందు పరువు దక్కించుకుందామని వెతికాను. ఆయన అప్పటికే గేటు దాటేశారు.

కరపత్రాలు మూడొందలకు పైగా మిగిలాయి. వెనకవైపు తెల్లగానే ఉందని పాలలెక్క రాసుకుంటున్నాను. మేకప్ ఆయనకు వెయ్యి ఇచ్చేశాను, ఇంకా రెండొందలు ఉంది. చిక్కడపల్లిలో మీకు తారసపడితే, నేను నారాయణగూడ వైపు వెళ్లానని చెప్పండి.