పార్కు యోగా సందేశం: టీకా తాత్పర్య సహితం

మూలం: “రేపు ఉదయం సరిగ్గా 5.30కి అందరూ పార్కుకు రావలెను. సంకల్పం ఉన్నవారికి దుప్పటి అడ్డు కాదు.”

ఇది కాలనీ యోగా బృందం వాట్సాప్‌లో రాత్రి పది దాటాక వెలువడే గ్రంథం. కర్త బృంద నాయకుడు. రచనాకాలం ఏటా జూన్ 21, యోగా దినోత్సవం మొదలుకొని చాపలు పలచబడే ఆషాఢమాసాంతం వరకు. రసం వీరమని కర్త అభిప్రాయం. నిద్రను ఆలంకారికులు సంచారి భావాల్లో వేశారు గానీ, ఈ గ్రంథం చదివేవారి విషయంలో అదే స్థాయీభావం.

ప్రతిపదార్థం సుగమం గనుక వదిలేయడమైనది. విచారించవలసినవి రెండే: ‘5.30’, ‘సంకల్పం’.

మమ్మటుడు కావ్యప్రకాశంలో సూర్యాస్తమయం గురించిన ఒక చిన్న మాట తీసుకుని, వినేవారినిబట్టి దానికి ఎన్ని అర్థాలు పుడతాయో చూపాడు. పశువుల కాపరికి మందను ఇంటికి తోలే వేళ, వర్తకుడికి సరుకు లోపల సర్దే వేళ, అభిసారికకు బయల్దేరే వేళ. ‘5.30’ ఈ ధ్వనిసంపదకు ఏమాత్రం తీసిపోదు. నాలుగింటికే మెలకువ వచ్చే రిటైర్డు ఉద్యోగికి అప్పటికే గంటన్నర వృథా అయిందని అర్థం. అమెరికా క్లయింటుతో కాల్ ముగించి రెండింటికి పడుకున్న సాఫ్ట్‌వేర్ కుర్రాడికి అది నడిరాత్రి. ఇల్లాలికి మునిసిపల్ నీళ్లు వచ్చే సమయం. మోటారు, బిందెలు, ఆ వెనకే రెండు లంచ్ బాక్సులు, ఏడుంబావుకు స్కూలు బస్సు. పార్కు వాచ్‌మన్‌కి తన డ్యూటీ మొదలుకావడానికి ఇంకా అరగంట ఉందని అర్థం. గేటు తాళంచెవి అతని దగ్గరే ఉంటుంది. ఈ చివరి అర్థం కర్తకు తట్టి ఉంటే, సరిగ్గా 5.30కి వచ్చిన నలుగురూ వీధికుక్కల మధ్య ఆరింటిదాకా నిలబడనక్కర్లేదు. కర్త ఆరూ పదికి వస్తాడు.

ఇక సంకల్పం. రాకపోవడానికి కర్త ఎరిగిన కారణం బద్ధకమొక్కటే. పతంజలి మాత్రం సాధనకు తొమ్మిది అంతరాయాలు లెక్కపెట్టాడు. మొదటిది వ్యాధి. బద్ధకం, ఆయన పెట్టిన పేరు ఆలస్యం, ఐదోది. రెండోదైన స్త్యానంతో దాన్ని కలిపేయకుండా ఆయన సూత్రాల మీది వ్యాసభాష్యం చాలా జాగ్రత్తపడింది. మనసు పనికి మొరాయిస్తే స్త్యానం. ఒళ్లు కూడా బరువెక్కితే ఆలస్యం. అలారం నొక్కి మళ్లీ ముసుగుతన్నినవాడిది ఆలస్యమే, సందేహం లేదు. పళ్లు తోముకుని, ట్రాక్ ప్యాంటు వేసుకుని, సోఫా అంచున కూర్చుని ఫోను చూస్తూ ఏడు చేసినవాడిది స్త్యానం, ఎందుకంటే ఒంటికి ఏ అభ్యంతరమూ లేదు. మూడోది సంశయం: వానొస్తుందేమో, ఎవరూ రారేమో. ఏడోది భ్రాంతిదర్శనం: చాప కొన్న వారానికే నడుము తగ్గినట్టు కనిపించడం. ఎనిమిదోది అలబ్ధభూమికత్వం: మూడు నెలలు వంగినా వేళ్లు మోకాళ్లు దాటకపోవడం. తొమ్మిదోదైన అనవస్థితత్వాన్ని వృక్షాసనంలో పక్కవారి భుజం పట్టుకున్నవారికి విడమరచనక్కర్లేదు. మెదక్ సీమ కొలిచాలమవాడైన వ్యాఖ్యాత మల్లినాథసూరి అనవసరమైనది ఒక్కటీ రాయనని ప్రతిజ్ఞ చేశాడు. ఈ టీకా అలాంటి ప్రతిజ్ఞ ఏదీ చేయలేదు.

అభ్యాసం గట్టిపడాలంటే చాలాకాలం, ఎడతెగకుండా, సత్కారంతో సాగాలని కూడా పతంజలే అన్నాడు. మొదటి రెండు షరతులూ కర్త రోజూ మైకులో చదువుతాడు. మూడోదాన్ని శాలువాగా గ్రహించాడు. భాష్యకారుడు సత్కారం కిందకు తపస్సు, బ్రహ్మచర్యం, విద్య, శ్రద్ధ తెచ్చాడు. ఫ్లెక్సీ ఆ జాబితాలో లేదు.

గంట సాధనలో మొదటి ఇరవై నిమిషాలు క్రమశిక్షణ మీద ఉపన్యాసం. రానివారి మీది కోపమంతా వచ్చినవారు వినాలి, అదీ వజ్రాసనంలో. మోకాళ్ల నొప్పి తగ్గుతుందని ఎవరో చెబితే వచ్చిన పెద్దావిడ, “కుర్చీలో కూర్చోవచ్చా నాయనా?” అని అడిగింది. కుర్చీ ఉంది, దాని మీద స్పీకరు ఉంది. ఆమె మళ్లీ రాలేదు. ఆ వారం సందేశంలో దుప్పటి ప్రస్తావన ఇంకాస్త ఘాటుగా వచ్చింది. ఇందులో హాస్యమేమీ లేదు.

గుంపులో ఉంటే ఉత్సాహం దానంతటదే వస్తుంది కదా అని పూర్వపక్షం. అన్నివేళలా రాదు. మాక్స్ రింగెల్మాన్ అనే ఫ్రెంచి వ్యవసాయ ఇంజనీరు తాడు లాగించి చూసి, మనుషులు పెరిగేకొద్దీ ఒక్కొక్కరు లాగే బలం తగ్గుతోందని 1913లో ప్రకటించాడు. సూర్యనమస్కారాల్లో వెనక వరుసను చూసినవారికి ఇది కొత్త కాదు. పైగా ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల మధ్యరకం శ్రమ. దాన్ని ఒంటరిగా నడిచి పూర్తిచేసినా లెక్కకు వస్తుంది. కాబట్టి మనిషి పార్కుకు వచ్చేది వ్యాయామం కోసమే కాదు. నాలుగు రోజులు కనబడకపోతే “ఒంట్లో బాగుందా?” అని ఫోను చేసేవారుంటే ఐదో రోజు వస్తాడు. సందేశం అందరికీ ఒకేసారి వెళ్తుంది గనుక ఎవరినీ అడిగినట్టు కాదు. దానికి జవాబుగా వచ్చే బొటనవేలి బొమ్మలకు ‘చూశాను’ అని వాచ్యార్థం, ‘రాను’ అని వ్యంగ్యార్థం.

సిద్ధాంతం: వేళ ఆరుంబావుకు మార్చాలి. పొద్దున తీరికలేని ఆడవాళ్లకు సాయంత్రం ఇంకో బ్యాచి పెట్టాలి. గేటుకు రెండో తాళంచెవి చేయించాలి. స్పీకరు కింద పెట్టి కుర్చీ ఇవ్వాలి. వీటికి సమ్మతించేవారు బొటనవేలితో సరిపెట్టక, వస్తారో రారో కూడా దయచేసి రాయాలి.