పిట్టలదొర

మన ఊళ్లలో పిట్టలదొరలు తిరిగేవారు. ఖాకీ బట్టలు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకీ, కొట్టని పిట్ట గురించి గంటసేపు కోతలు. ఆ కళ అంతరించిపోతోందని దిగులుపడేవాళ్లు ఒకసారి అమెరికాలోని మినసోటాకు రావాలి. ఇక్కడ సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్లలో కాలనీకొకడు తయారయ్యాడు. ప్యాంటు నిండా జేబులు, చెవులు మూసే టోపీ, తుపాకీ బదులు మూరెడు లెన్సు. లెన్సు ఖరీదులో సగమే ఇంట్లో చెప్పి ఉంటాడు. అసలు ధర నాకు తెలుసుగానీ ఇక్కడ రాయను. ఆవిడ పత్రికలు చదువుతుంది.

మా కాలనీ దొరది వరంగల్ దగ్గర పల్లె. ఊళ్లో ఉన్నన్నాళ్లూ పిట్టల జోలికి పోయిన మనిషి కాదు. దసరా పూట తాత చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి పాలపిట్టను చూపిస్తే, సరే చూశానంటూ క్రికెట్‌కు పరుగెత్తినవాడే. ఇక్కడ మొదటి చలికాలంలో కిటికీ ముందు కూలబడి ఉంటే, బయట మైనస్ పాతికలో కొమ్మ మీద గెంతుతున్న చికడీ కంటపడింది. పన్నెండు గ్రాముల పిట్ట. వెచ్చటి చోటికి వలస పోదు. రాత్రి ఒంటి వేడి తగ్గించుకుని ఏ తొర్రలోనో ముడుచుకుంటుంది, తెల్లారగానే గింజల వేటకు దిగుతుంది. మూడు స్వెట్టర్ల లోపలున్న ఈయనకు రోషం వచ్చింది. ఆ వారమే బైనాక్యులర్స్ కొన్నాడు. లెన్సు తర్వాతి సంగతి. ఈ రోగం మెల్లగానే ముదురుతుంది.

ముదిరాక క్యాలెండరు మారిపోతుంది. ఇక్కడ మిగతా తెలుగువాళ్లకు ఉన్నవి రెండే కాలాలు: చలి, రాబోయే చలి గురించిన భయం. ఆయనకు వారానికో ఋతువు. మార్చిలో ఇంకా మంచు కరగకముందే, గడ్డకట్టిన చెరువు గట్టున జమ్ము మీద ఎర్రభుజాల నల్లపిట్ట అరిచిందంటూ వాట్సాప్ గ్రూపులో వసంతాన్ని ప్రకటిస్తాడు. మేం జాకెట్ జిప్పు ఇంకాస్త పైకి లాక్కుంటాం. ఏప్రిల్లో సరస్సుల మీద మంచు విడిచీ విడవగానే లూన్ దిగుతుంది. అది ఈ రాష్ట్ర పక్షి. రాత్రిపూట దాని కూత విని, కొత్తగా వచ్చినవాళ్లు పోలీసులకు ఫోన్ చేద్దామా అని గుసగుసలాడుకుంటారు. ఈయన కళ్లు మూసుకుని తల ఊపుతాడు.

మే రెండో వారంలో మాత్రం ఆయనతో పెట్టుకోకూడదు. మధ్య, దక్షిణ అమెరికాల్లో చలికాలం గడిపిన వార్బ్లర్లు రాత్రుళ్లు ఎగిరి, తెల్లారేసరికి ఇక్కడి చెట్ల కొసల్లో దిగే రోజులవి. దక్షిణపు గాలి వీచిన రాత్రి ఆ గుంపులు వాతావరణ రాడార్ మీద కూడా కనబడతాయి కాబట్టి ఆయన నిద్రపోడు. పొద్దున ఆఫీసు మీటింగులో కెమెరా ఆఫ్. మైక్ ఆఫ్ చేయడం మరిచిన రోజు, బడ్జెట్ లెక్కల మధ్యలో “పైన, పైన, ఎడమ కొమ్మ!” అని వినబడుతుంది. పిడికెడు లేని పిట్ట తాటిచెట్టంత ఎత్తున ఆకుల వెనక దోబూచులాడుతుంటే మెడ పట్టేయక ఏమవుతుంది? ఇక్కడి పక్షి పిచ్చివాళ్లు ఆ నొప్పికి ‘వార్బ్లర్ నెక్’ అని పేరు పెట్టుకుని, దాన్ని కూడా బిరుదులా చెప్పుకుంటారు.

చుట్టాలకు ఊరు చూపించే పని ఆయనకు అప్పగించకూడదు. ఊరి మురుగునీటిని శుద్ధి చేసే చెరువుల దగ్గర బాతులు బాగా వాలతాయి. బావమరిది దంపతులు నయాగరా చూసుకుని ఇక్కడికొస్తే, నేరుగా తీసుకెళ్లి ఆ గట్టున నిలబెట్టాడు. ఫొటో కూడా తీశాడు. అందులో వాళ్లిద్దరూ మసక, వెనక బాతు స్పష్టం.

వేసవిలో వాళ్లమ్మ వచ్చింది. పెరట్లో గింజల డబ్బా వేలాడదీసి, దాని మీద వాలిన ఊరపిచ్చుకలను చప్పట్లు కొట్టి తరుముతున్న కొడుకును చూసి ఆమె నిర్ఘాంతపోయింది.

“ఏందిరా, గింజ తినే పిట్టను ఎల్లగొడ్తున్నవ్? దర్వాజకు వరి కంకులు కట్టి మరీ పిలుస్తుండె మీ నాయిన.”

“ఇవి ఈడివి కావమ్మా. 1850లల్ల బ్రూక్లిన్‌ల తెచ్చి ఇడిసిపెట్టిన్రు. ఈడి బ్లూబర్డ్‌ల గూళ్లన్నీ గుంజుకుంటున్నయ్.”

“ఎన్నేండ్లాయె?”

“నూటడెబ్బై దాటింది.”

“గన్నేండ్ల సంది ఉంటే ఇంకా గ్రీన్‌కార్డు ఇయ్యలేదా వాటికి?”

తన గ్రీన్‌కార్డు దరఖాస్తు పిల్లవాడు పుట్టకముందు నుంచీ వరుసలో ఉన్న మనిషి ఏం చెబుతాడు? చప్పట్లు ఆపి లోపలికి వెళ్లిపోయాడు. ఆ వేసవంతా పిచ్చుకలు బలిసిపోయాయి.

సెప్టెంబరులో వినాయకుణ్ణి నీళ్లలో వదలడమే ఆలస్యం, కారు డులూత్ వైపు తిరుగుతుంది. కెనడా నుంచి దక్షిణానికి పోయే డేగలు నేల వేడికి పైకి లేచే గాలి మీద రెక్క ఆడించకుండా తేలిపోతుంటాయి. సుపీరియర్ సరస్సు చల్లటి నీళ్ల మీద ఆ గాలి లేవదు. అందుకని దాటడం మానేసి, ఒడ్డు వెంబడి నైరుతికి జరుగుతూ వచ్చి, సరస్సు కొసన ఉన్న డులూత్ దగ్గర హాక్ రిడ్జ్ అనే గుట్ట మీద ఇరుకున పడతాయి. 2003 సెప్టెంబర్ 15న ఒక్క రోజే లక్షకు పైగా వేటపక్షులు ఆ గుట్ట దాటాయని లెక్క రాసుకున్నారు. ఆయన మాటలు నమ్మి పిల్లాపాపలతో వెళ్లినవాళ్లకు మేఘాలు, రెండు కాకులు, ఒక మాట దక్కుతాయి: “అరెరె, నిన్న రావాల్సింది!” ప్రపంచంలో ఏ పక్షి ప్రియుణ్ణి కదిపినా వచ్చే మొదటి వాక్యం ఇదే. నిన్న వెళ్లినవాళ్లకు కూడా ఇదే చెప్పారు.

డిసెంబరులో క్రిస్మస్ పక్షి గణన. ఒకప్పుడు అమెరికాలో ఆ పండగకు జట్లుగా విడిపోయి, పిట్టల్నీ జంతువుల్నీ కాల్చి, ఎవరి కుప్ప పెద్దదైతే వాళ్లు గెలిచినట్టు ఆడుకునేవారు. తుపాకులు దించి లెక్కపెడదాం రండని 1900లో ఫ్రాంక్ చాప్‌మన్ అనే పక్షి శాస్త్రవేత్త పిలిస్తే 27 మంది వచ్చారు. ఇప్పుడు ఏటా వేలమంది, వాళ్లలో మా దొర ఒకడు. కోతల విషయంలో మాత్రం ఈయన ఊరి పిట్టలదొరకు వారసుడు కాడు. చూడనిది చూశానని చచ్చినా రాయడు. చూడలేకపోయిన దాని గురించి అయితే గంటసేపు చెబుతాడు. 2004–05 చలికాలంలో కెనడా అడవుల్లో ఎలుకలు కరువై, గ్రేట్ గ్రే గుడ్లగూబలు వేలకొద్దీ మినసోటాలోకి దిగాయి. మంచు కింద కదిలే ఎలుక సడిని విని, కంటితో చూడకుండానే దూకి పట్టే పక్షి అది. అన్ని వేలు దిగిన ఆ చలికాలంలో తాను అమీర్‌పేటలో జావా కోచింగ్‌లో ఉన్నానని తలచుకుంటే ఆయనకు ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది.

మొన్న మరదలికి సంబంధం కుదిరింది. మామగారు ఫోన్ చేశారు. మాఘంలో మంచి ముహూర్తం ఉందన్నారు. గుడ్లగూబల సీజను మామా, అన్నాడు. పోనీ వైశాఖం అంటే, వార్బ్లర్లు. మరి ఎప్పుడు ఖాళీ అని అడిగితే, జూలైలో పిట్టలన్నీ పిల్లల్ని సాకుకుంటూ గమ్మున ఉంటాయి, అప్పుడైతే ఎన్ని రోజులైనా వస్తానన్నాడు.

“ఆషాఢంల పెండ్లి యాడ జేస్తరు బిడ్డా?”

చివరికి పంతులుగారే శ్రావణంలో ఒక తేదీ తీసి, అమెరికా అల్లుడుగారికి అభ్యంతరం లేకపోతే ఖాయం చేద్దామన్నారు. ఆ వారంలో బురద గట్ల మీద ఏమేం దిగుతాయో గత పదేళ్ల లెక్కలు తీసి చూసి చెబుతానన్నాడు. శుభలేఖల అచ్చు ఆగి ఉంది.