లైట్ల బావ

మన చుట్టాల్లో ప్రతి ఇంటికీ ఒకడుంటాడు. కొన్న వస్తువును కంపెనీ ఎలా ఇచ్చిందో అలా వాడుకోవడం వాడికి చేతకాదు. కొత్త ఫ్యాను తెస్తే రెగ్యులేటర్ విప్పుతాడు. మిక్సీ తెస్తే గ్యారంటీ కార్డు మీద తారీఖు పడకముందే అడుగు మూత ఊడదీస్తాడు. హైదరాబాద్‌లో బుల్లెట్ బండికి సైలెన్సర్ మార్చి వీధికంతా నిద్ర లేకుండా చేసేవాడు ఈ జాతివాడే. సూరత్‌లోని లింబాయత్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్లలో ఈ జాతికి ప్రతినిధి మా బావ. ఆయన అసలు పేరు ఆధార్ కార్డుకూ కరెంటు బిల్లుకూ మాత్రమే పనికొస్తుంది. గల్లీలో అందరికీ ఆయన లైట్ల బావ.

బావ వాళ్ల నాన్న మరమగ్గాల మీద పని వెతుక్కుంటూ కరీంనగర్ వైపు నుంచి వచ్చిన పద్మశాలి. ఆ కాలపువాళ్లలో చాలామందిది అదే దారి. వరంగల్లులో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కడం, సూరత్‌లో దిగడం, లింబాయత్‌లో ఎవరో ఒక దూరపు చుట్టం గదిలో చాప పరచడం. ఇప్పుడు అక్కడ బతుకమ్మ ఆడుతారు, శ్రావణ పౌర్ణమికి మార్కండేయ స్వామి ఊరేగింపు తీస్తారు, కార్పొరేషన్ బడుల్లో తెలుగు మీడియం కూడా నడుస్తుంది. బావ మగ్గం వదిలి చీరల మీద డిజైన్ వేసే ఎంబ్రాయిడరీ మిషన్లు పెట్టాడు. ఆయన స్వభావం తెలియాలంటే ముందు ఆ మిషన్ తెలియాలి. అడ్డంగా వరసగా బోలెడు హెడ్లుంటాయి. ఏ హెడ్ దగ్గర దారం తెగినా అక్కడ ఎర్ర లైటు వెలుగుతుంది, మిషన్ ఆగుతుంది. కారీగర్ లైటు చూసి నేరుగా అక్కడికే పోయి, దారం ఎక్కించి మళ్లీ నడుపుతాడు. ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు.

పొద్దస్తమానం ఆ లైట్ల మధ్య బతికిన మనిషికి ప్రపంచమంతా అలాగే నడవాలనిపించడంలో వింత లేదు. "ఆగేదానికల్లా ఒక ఎర్ర లైటుండాలె బామ్మర్దీ. మీ అక్కక్కూడ ఉంటే ఎంత మంచిగుండు! కోపమొచ్చే ముందుగాల తెలుస్తుండె" అన్నాడొకసారి.

లోపలి నుంచి అక్క జవాబిచ్చింది. "లైటున్నది. నువ్వే చూస్తలెవ్వు."

ఇక కారు సంగతి. సూరత్‌లో కారుండటం ఒక గొప్ప కాదు. 2018 దీపావళికి హరికృష్ణ ఎక్స్‌పోర్ట్స్ అనే వజ్రాల సంస్థ తన పనివాళ్లలో 600 మందికి కార్లు బోనస్‌గా ఇచ్చిన ఊరది. యజమాని ఇచ్చిన స్వీటు డబ్బా పట్టుకుని ఇంటికి పోయినట్టు కారు తోలుకుని ఇంటికి పోయే ఊళ్లో, కారుతో పరువు సంపాదించాలంటే ఎవరి దగ్గరా లేనిది కొనాలి. బావ వెతికి వెతికి ఒక పాత సాన్ స్టార్మ్ పట్టుకొచ్చాడు. చాలామంది పేరే విని ఉండరు గానీ ఇది మన దేశపు స్పోర్ట్స్ కారే. 1990ల చివర్లో గోవాలో పుట్టింది. రెండే సీట్లు, మడత పెట్టే గుడ్డ టాపు, ఫైబర్ బాడీ, 1149 సీసీ రెనో ఇంజన్. బావ ఇద్దరు పిల్లల తండ్రి. నలుగురున్న ఇంటికి రెండు సీట్ల కారేమిటని ఎవరూ అడగలేదు. అక్క అడిగింది, కానీ బావ లెక్కలో అక్క "ఎవరూ" కిందికి రాదు.

కారు వచ్చిన వారంలోనే సీట్ల వెనక, తలల కన్నా ఎత్తుగా, ఇనప గొట్టం వంచి రోల్ బార్ వేయించాడు. టాపు లేని కారు బోల్తాపడితే లోపలివాళ్ల తలలు నేలకు తగలకుండా కాసేది ఆ గొట్టమే. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. అయితే అంత పెద్ద ఇనప గొట్టం ఏ లైటూ లేకుండా ఖాళీగా కనబడేసరికి బావకు నిద్ర పట్టలేదు. దాని మీద ఇంకో బ్రేకు లైటు పెట్టాల్సిందే, లేకపోతే వెనకవాడు గుద్దేస్తాడన్నాడు.

న్యాయంగా చెప్పుకోవాలంటే ఆయన భయం ఉత్త భయం కాదు. ఆ కారు వెనక దీపాలు స్కూటరు నడిపేవాడి మోకాలి ఎత్తులో ఉంటాయి. రింగ్ రోడ్డు బట్టల మార్కెట్ దగ్గర వెనకాల వచ్చేవి తాకాలు, అంటే బట్ట తాన్లు, నింపుకున్న టెంపోలు. వాటి మీద మూటలు ఎంత ఎత్తుకు పోతాయంటే, వాటి సొంత లైట్లే పరదా వెనక ఉంటాయి. ఎత్తున కూర్చున్న ఆ డ్రైవర్లకు ముందున్న పొట్టి కారు కనిపించడమే కష్టం, దాని బ్రేకు లైటు సంగతి ఆ దేవుడికే తెలియాలి. అదే లైటు ఎత్తున ఉంటే వెనక కారువాడికే కాదు, వాడి అద్దాల్లోంచి ఆ వెనకవాడికి కూడా కనిపిస్తుంది. మూడో బ్రేకు లైటు పనంతా ఇంతే.

దీనికి చరిత్ర ఉంది, ఆ చరిత్ర బావకు కంఠతా వచ్చు. 1974లో జాన్ వోవోడ్‌స్కీ అనే సైకాలజిస్టు శాన్ ఫ్రాన్సిస్కోలో 343 టాక్సీలకు వెనక అద్దం కింద అదనపు లైటు పెట్టించాడు. లైటు లేని టాక్సీలతో పోలిస్తే, వెనక నుంచి గుద్దించుకోవడం వాటిలో 60.6 శాతం తగ్గింది. ఆ తర్వాత అమెరికా ప్రభుత్వం 1986 మోడల్ నుంచి ప్రతి కొత్త కారుకూ ఆ లైటు తప్పనిసరి చేసింది. ఇక్కడి వరకు బావ గుక్కతిప్పుకోకుండా చెబుతాడు. ఆ లైటు అన్ని కార్లకూ వచ్చాక జనం కళ్లు అలవాటు పడి, లాభం చివరికి 4.3 శాతం దగ్గర కుదురుకుందని 1998లో అదే ప్రభుత్వం లెక్క తేల్చిన ముక్క దగ్గరికొచ్చేసరికి ఆయనకు చెవుడు వస్తుంది. నన్నడిగితే 4.3 కూడా చిన్నది కాదు. అంత చవక సరుకుతో అన్ని బంపర్లు దక్కడం మంచి బేరమే. కానీ బావకు బేరం అక్కర్లేదు, 60 కావాలి. పెళ్లి సంబంధం మాట్లాడటానికి పోయినచోట కూడా శాన్ ఫ్రాన్సిస్కో టాక్సీలు తెచ్చాడు. ఆ సంబంధం కుదరలేదు, టాక్సీల వల్ల అని నేననను.

ఉధ్నా వైపు కారు డెకొరేషన్ షాపులో కుర్రాడు ఏడు రంగుల్లో మిణుకుమిణుకుమనే పట్టీ చూపించాడు. బావ చేతులు వణికాయి. బ్రేకు లైటు ఎర్రగా, నిలకడగా వెలగాలి తప్ప మిణుకుమనకూడదని నేను అడ్డం పడితే, ఎర్ర ఎల్‌ఈడీ పట్టీతో సరిపెట్టుకున్నాడు, దుఃఖంగా. ఎల్‌ఈడీ ఎంచుకోవడంలో తెలివుంది. మామూలు బల్బులో తీగ వేడెక్కి పూర్తిగా వెలగడానికి సెకనులో ఐదో వంతు పడుతుంది. ఎల్‌ఈడీ తొక్కిన మరుక్షణం వెలుగుతుంది. గంటకు వంద కిలోమీటర్ల వేగంలో ఆ తేడా ఐదున్నర మీటర్లు. సూరత్ ఊరి మధ్యలో వంద ఎలాగూ కుదరదు కాబట్టి నలభై అనుకోండి, రెండు మీటర్ల పైచిలుకు. అంటే ఒక స్కూటరు పొడవు, పైన జానెడు. ఆ జానెడులో ఇంకో స్కూటరు దూరడం సూరత్ విద్య.

బిగించేటప్పుడు మొదటి గొడవ డ్రిల్లు దగ్గర. గొట్టానికి రెండు రంధ్రాలు కొట్టి స్క్రూలు వేద్దామన్నాడు బావ. దాన్ని వంచిన వెల్డర్ చాచా ఒప్పుకోలేదు. బోల్తాపడ్డప్పుడు బరువంతా మోసే గొట్టానికి రంధ్రం పెడితే సరిగ్గా అక్కడే వంగుతుంది, క్లాంపుతో పట్టించుకొమ్మన్నాడు. బావ షాపు క్లాంపుల్ని నమ్మక తన మిషన్ల విడిభాగాల డబ్బాలోంచి తీసిన క్లాంపులేశాడు. అవి బాగా కుదిరాయి, ఇది ఒప్పుకోవాలి.

రెండో గొడవ ఎర్త్ దగ్గర. ఇనప బాడీ కార్లలో నెగటివ్ వైరును దగ్గర్లోని ఏదో ఒక స్క్రూకు తగిలిస్తే చాలు, బాడీయే ఎర్త్ అవుతుంది. ఎలక్ట్రీషియన్ అలవాటు కొద్దీ అలాగే తగిలించి, "థై గయూ భాయ్" అన్నాడు, అయిపోయిందని. లైటు వెలగలేదు. ఫైబర్ బాడీలో కరెంటు పారదని గుర్తొచ్చేలోపు ఫ్యూజు మార్చారు, పట్టీ మార్చారు, బ్యాటరీని అనుమానించారు. టీలు తెప్పించింది మాత్రం బావే.

మూడోది అసలు గొడవ. వెనక బల్బు ఒకటే అయినా అందులో రెండు తీగలుంటాయి. రాత్రిపూట సన్నగా వెలిగేది 5 వాట్లది, బ్రేకు తొక్కితే వెలిగేది 21 వాట్లది. కొత్త లైటును రెండోదాని వైరుకు కలపాలి. మొదటిదానికి కలిపారు. పరీక్షించేటప్పుడు హెడ్‌లైటు స్విచ్చి వేసే ఉంది కాబట్టి లైటు వెలిగింది, అందరూ చప్పట్లు కొట్టారు. ఆ రాత్రి బావ డుమస్ దాకా షికారు పోయాడు. దారి పొడుగునా బ్రేకు లైటు ఆరకుండా వెలుగుతూనే ఉంది. వెనకవాళ్లు హారన్లు మోగించారు. కారు చూసి సలాం కొడుతున్నారనుకుని బావ అందరికీ చెయ్యి ఊపుతూ పోయాడు.

తెల్లారి వైరు మార్చారు. ఈసారి కొలతలు, మీటరు, అంతా పద్ధతిగా. అయినా మరుసటి ఆదివారం గౌరవ్ పథ్ మీద లైటు మళ్లీ ఆరకుండా వెలిగింది. ఈసారి వెనక నా స్కూటరు మీద అక్క ఉంది. కాసేపు చూసి, "వైరు మంచిగనే ఉందిరా. మీ బావ కాలు బ్రేకు మీదికెల్లి తీస్తలేడు" అంది. నిజమే. ఏళ్ల తరబడి బ్రేకు మీద కాలు ఆనించి బండి నడిపిన అలవాటు. బ్రేకు ప్యాడ్లు తొందరగా అరుగుతున్నాయని ఆయన పాపం ఎందరు మెకానిక్కుల్ని తిట్టాడో! వెనకవాళ్లను హెచ్చరించడానికి పెట్టిన లైటు తన భార్యకే సాక్ష్యం చెప్పింది.

చట్టం సంగతి కూడా అక్కే తెచ్చింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్‌లో ఉన్న తయారీదారు వివరాలు మారేలా బండిని మార్చకూడదు. 2019 సవరణ వచ్చాక అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అక్క కాయితం తీసుకుని రోల్ బార్, బావ మార్చిన హారన్, స్టీరింగు అంటూ వరసగా రాసి కూడింది. బావ ఆ కాయితం చూసి, "ఆర్టీఓ కంటె నువ్వే ఎక్కువ రాస్తవ్" అన్నాడు. ఇన్ష్యూరెన్స్ కంపెనీకి రాసి పంపమని నేను చెప్పాను, రాస్తే ప్రీమియం పెంచుతారని ఆయన భయం. ప్రమాదం జరిగాక తెలిస్తే క్లెయిమ్ దగ్గరే పేచీ పెడతారని చెప్పినా వినలేదు.

ఇన్ని తిప్పలు పడి పెట్టిన లైటు కనిపించేదెప్పుడు? వానాకాలంలో గుడ్డ టాపు వేస్తే లైటు లోపలుండిపోతుంది. వెనక ప్లాస్టిక్ కిటికీ మసకబారడంతో బ్రేకు తొక్కినప్పుడల్లా కారు లోపల గణపతి మండపం ఎరుపు. పెళ్లిళ్ల సీజన్‌లో టాపు లేని కారు కాబట్టి బరాత్‌కు గల్లీలో అందరూ బావనే పిలుస్తారు. అప్పుడు రోల్ బార్‌కు ఆనుకుని పెళ్లికొడుకు కూర్చుంటాడు, లైటు వెలిగేది వాడి షేర్వాణీ వీపుకు. మార్కండేయ స్వామి ఊరేగింపులో బంతిపూల దండలు లైటు మీద నుంచే పోతాయి, దేవుడి పని కాబట్టి బావ నోరెత్తలేడు. సంక్రాంతికి సూరత్ ఆకాశమంతా గాలిపటాలు. తెగిన మాంజా రోల్ బార్‌కు చుట్టుకుంటే దాన్ని విప్పడానికే ఆ పూట గడిచిపోయింది.

ఇప్పుడాయన కారు ముందుకు కూడా ఒక లైటు ఆలోచిస్తున్నాడు. తాను బ్రేకు వేస్తున్న సంగతి ఎదురుగా వచ్చేవాళ్లకు తెలియద్దా అని వాదన. దీన్ని ఆపడం అక్క వల్ల కూడా కాలేదు.

మీరెప్పుడైనా సూరత్ వచ్చి, డుమస్ రోడ్డు మీద జీజే-05 నంబరున్న పొట్టి కారు, నెత్తిన ఎర్ర లైటుతో కనిపిస్తే, అది ఆగుతోందని నమ్మకండి, ఆగదని కూడా నమ్మకండి. నాలుగు బండ్ల దూరం వదిలి రండి. హారన్ మాత్రం కొట్టకండి. కొడితే గుర్తుపట్టారనుకుని, పలకరించడానికి నిజంగానే బ్రేకు వేస్తాడు.