జీఎస్టీ కట్టే ఆకాశరామన్న

ఇదివరకు సంబంధం అనగానే ముందు జాతకం, తరవాత ఫొటో, ఆ తరవాత మనుషులు వచ్చేవాళ్లు. ఇప్పుడు ఫొటోకీ మనుషులకీ మధ్య డిటెక్టివ్ వచ్చి కూర్చున్నాడు. అమ్మాయి తరఫువాళ్లు అబ్బాయి మీద ఒకణ్ణి పెడతారట, అబ్బాయి తరఫువాళ్లు అమ్మాయి మీద ఇంకొకణ్ణి పెడతారట. ఆ ఇద్దరూ ఏ కాఫీ షాపులోనో పక్కపక్క బల్లల దగ్గర కూర్చుని, ఒకరి సమాచారం ఒకరికి చెప్పుకుని రెండు రిపోర్టులు రాసేస్తుంటారని నా అనుమానం.

మా రోజుల్లో డిటెక్టివ్ అంటే పుస్తకంలో ఉండేవాడు. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, ఆయన అసిస్టెంటు రాజు. తెనాలిలో అద్దె పుస్తకాల కొట్టు నుంచి తెచ్చుకుని, పాఠ్యపుస్తకం మధ్యలో పెట్టుకుని చదివేవాళ్లం. చివరి పేజీలు ఎవడో చింపుకుపోయి ఉండేవాడు. హంతకుడెవరో తెలియాలంటే అంతకుముందు చదివినవాణ్ణి వెతుక్కోవాలి. 1986లో జంధ్యాల గారు మల్లాది నవలని ‘చంటబ్బాయ్’గా తీసి, చిరంజీవిని డిటెక్టివ్ పాండురంగారావు చేస్తే పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. డిటెక్టివ్ అంటే మాకు నవ్వులాట. మా అబ్బాయికి మాత్రం ఇప్పుడు నవ్వులాట కాదు. కూతురికి డాలస్ సంబంధం వచ్చింది.

“ఇంత దూరం ఇచ్చేటప్పుడు ఎంక్వైరీ లేకుండా ఎలా నాన్నా” అంటాడు. ఎంక్వైరీ వద్దని నేనెప్పుడన్నాను? మేం చేసినంత ఎంక్వైరీ ఏ ఏజెన్సీ చేస్తుంది? అటేడు తరాలు, ఇటేడు తరాలు చూడందే తాంబూలం పుచ్చుకునేవాళ్లమా? మా మేనమామ ఒక సంబంధం వాకబు చెయ్యడానికి ఊరు వెళ్తే సరాసరి పెళ్లివారింటికి వెళ్లేవాడు కాదు. బస్సు దిగి కిరాణా కొట్టు బల్ల మీద కూర్చునేవాడు. పావుకిలో బెల్లం కొని, మాటల్లో ఆ ఇంటి పేరెత్తేవాడు. కొట్టాయన ఏం చెప్పేవాడు కాదు. ఖాతా పుస్తకం తీసి, వేలు తడి చేసుకుని ఒక పేజీ తిప్పి, “వాళ్లది నెలనెలా తీరిపోతుందండీ” అనేవాడు. అంతే, సగం సంబంధం ఖాయం. పుస్తకం తియ్యకుండా పంచదార డబ్బా సర్దడం మొదలెడితే, మా మేనమామ బెల్లం పొట్లం పట్టుకుని తిరుగు బస్సెక్కేవాడు. చాకలి, పాలవాడు, పోస్టుమాను, మంత్రసాని, ఎవరి సాక్ష్యం వాళ్లది. పైసా ఫీజు లేదు.

అలాగని ఆ రోజులన్నీ బంగారమని నేననను. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్లి చెయ్యమన్నదీ ఆ పెద్దలే. మూర్ఛ దాచారు, మొదటి పెళ్లి దాచారు, అప్పులు దాచారు. ఇక ఆకాశరామన్న ఉత్తరాలు సరేసరి. గట్టు తగాదా ఉన్నవాడెవడో పదిహేను పైసల కార్డు ముక్క మీద సంతకం లేకుండా నాలుగు ముక్కలు రాసి పడేస్తే, నిక్షేపంలాంటి పిల్ల పెళ్లి ఆగిపోయేది. కాకపోతే మాకో తూకం ఉండేది. కొట్టాయన చెప్పిన మాట అబద్ధమైతే, రేపు అదే బల్ల దగ్గరికి వెళ్లి అడగొచ్చు. మధ్యవర్తి మోసం చేస్తే, చచ్చేదాకా ప్రతి పెళ్లి పందిట్లోనూ మాట పడేవాడు. ఆకాశరామన్నకి ఆ బాధ లేదు. అందుకే పెద్దవాళ్లు కార్డు రాగానే ముందు కింద సంతకం ఉందా అని చూసేవాళ్లు. లేకపోతే పొయ్యిలో పడేసేవాళ్లు. కనీసం బుద్ధున్నవాళ్లు.

మా అబ్బాయి పిలిపిస్తే డిటెక్టివ్ ఏజెన్సీ కుర్రాడు ఇంటికొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో టాబ్లెట్. “ప్రీ మ్యాట్రిమోనియల్ ప్యాకేజీ అంకుల్. బేసిక్, ప్రీమియమ్. ప్రీమియమ్‌లో సర్వైలెన్స్ ఉంటుంది” అన్నాడు. సగం అడ్వాన్సు. రిపోర్టు ఎలా ఉంటుందో నమూనా చూపించమన్నాను. చూపించాడు. పది పేజీల పీడీఎఫ్. “విశ్వసనీయ వర్గాల ప్రకారం సబ్జెక్ట్ సత్ప్రవర్తన కలవాడు.” ఎవరా వర్గాలు? కాన్ఫిడెన్షియల్ అట. అడుగున సంతకం ఎవరిది? కంపెనీ ముద్ర అట. ఒరేయ్, ఇది మన ఆకాశరామన్నే కదురా! అప్పుడు ఊరికే రాసేవాడు, ఇప్పుడు జీఎస్టీ కలిపి బిల్లు ఇస్తున్నాడు.

“లైసెన్సుందా బాబూ” అనడిగాను. జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసి చూపించాడు. జీఎస్టీ నంబరు మా సందులో టిఫిన్ సెంటరుకీ ఉంది. ఆ కుర్రాడి తప్పు లేదులెండి, మన దేశంలో డిటెక్టివ్‌లకి లైసెన్సు చట్టమే లేదు. 2007లో రాజ్యసభలో బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. 2005 నాటి చట్టం ఒకటుంది, అది సెక్యూరిటీ గార్డుల కంపెనీల కోసం. అంటే మన అపార్ట్‌మెంటు గేటు దగ్గర కునుకుతీసే వాచ్‌మన్‌ని పంపే కంపెనీకి లైసెన్సు కావాలి, మన వెనకాల తిరిగి మన గుట్టు లాగేవాడికి అక్కర్లేదు. ఆ డాలస్ ఉన్న టెక్సాస్ రాష్ట్రంలో డిటెక్టివ్ పని చెయ్యాలంటే అక్కడి పబ్లిక్ సేఫ్టీ శాఖ లైసెన్సు ఉండాల్సిందే.

తరవాత గొంతు తగ్గించి, “కాల్ లిస్టు కూడా తెప్పిస్తాం అంకుల్, అది సెపరేట్” అన్నాడు. అక్కడ నాకు తిక్క రేగింది. కాల్ రికార్డులు పోలీసులకైనా పద్ధతి ప్రకారం రాసి అడిగితే గాని రావు. 2018లో ఠాణే పోలీసులు ఈ కాల్ రికార్డులు అమ్ముకునే వ్యవహారంలోనే ప్రైవేటు డిటెక్టివ్‌లని అరెస్టు చేశారు. కొనుక్కున్నవాళ్లనీ పిలిచి ప్రశ్నించారు. ఫోన్‌లో దొంగ యాప్ ఎక్కిస్తాం, మెయిల్ తెరుస్తాం అన్నవాణ్ణి కూడా గుమ్మంలోంచే పంపెయ్యాలి. ఆడపిల్ల ఇంటర్నెట్టూ మెయిలూ చాటుగా కనిపెట్టే మగవాడికి భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్ ఉంది. చేసేది వాడైనా చేయించింది మనం. పోలీసులు ముందు అడిగేది డబ్బిచ్చిందెవరనే.

కోర్టులూ మా కాలం నాటివి కావు. భార్య ఫోన్ మాటలు దొంగతనంగా రికార్డు చేసిన మొగుడితో ఇదివరకే మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, అది ఆమె ఆంతరంగిక హక్కుకి భంగం, సాక్ష్యంగా పనికిరాదు పొమ్మంది. 2025 జూలైలో సుప్రీంకోర్టు, భార్యాభర్తలు తమలో తాము మాట్లాడుకున్నది ఒకరు రహస్యంగా రికార్డు చేసినా విడాకుల కేసులో చూడొచ్చంది. ఎవరు ఎవరి మాటలు రికార్డు చేశారన్నది చూసుకోవాలి. సుప్రీంకోర్టు మాట పట్టుకుని డిటెక్టివ్ ఏం తెచ్చినా చెల్లుతుందనుకుంటే పొరపాటు. ఒకణ్ణి ఫలానా చోట చూశానని రాస్తే చాలదు, చూసినవాడు బోనెక్కి చెప్పాలి, ఎదుటి వకీలు అడిగేవాటికి జవాబివ్వాలి. ‘విశ్వసనీయ వర్గాలు’ బోనెక్కవు.

నేను రిజిస్ట్రేషన్ ఆఫీసులో పనిచేసి రిటైరైనవాణ్ణి. డబ్బు పోసి కొనే ఈ సమాచారంలో చాలా భాగం సర్కారు దగ్గరే పడి ఉంటుందని నాకు తెలుసు. ఆస్తి ఉందన్నారా? సర్వే నంబరు అడిగి ఈసీ, అంటే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్, తీయించండి. అమ్మాడో, తాకట్టు పెట్టాడో రిజిస్టరైనవన్నీ కనపడతాయి. పొలమైతే ఆంధ్రాలో మీభూమి, తెలంగాణలో భూభారతి. అప్పుల సంగతా? ఇ-కోర్ట్స్ సైటులో పేరూ ఏడాదీ కొట్టి చూస్తే చెక్కు బౌన్సు కేసులుంటే బయటపడతాయి. కంపెనీ డైరెక్టరునన్నాడా? కంపెనీ వ్యవహారాల శాఖ సైటులో పేర్లుంటాయి. ఇక డాలస్ కుర్రాడు. మనవాళ్లు గుంపుగా ఉండే ఫ్రిస్కో, ప్లేనో వైపంతా చాలావరకు కాలిన్ కౌంటీ. అక్కడి కోర్టు కేసులు పేరు కొట్టి వెతుక్కోవచ్చు, విడాకుల కేసుతో సహా. ఇదంతా ఒక ఆదివారం మధ్యాహ్నం పని. మా వాళ్లు ఆ పూట వెబ్ సిరీస్ చూస్తారు.

డిటెక్టివ్ అక్కర్లేదని కాదు నేననేది. పెళ్లాన్ని వదిలేసి అడ్రసు మార్చుకు తిరిగేవాడున్నాడు, చీటీపాట డబ్బుతో ఉడాయించినవాడున్నాడు, దుకాణంలో సరుకు ఎవరు తరలిస్తున్నారో తేలని యజమాని ఉన్నాడు. అలాంటప్పుడు తిరిగే కాళ్లు కావాలి, ఆ కాళ్లకి కూలి ఇవ్వాల్సిందే. పోలీసు కేసు పెట్టాల్సిన చోట మాత్రం ముందు స్టేషనుకే వెళ్లాలి.

మా అబ్బాయిని కూర్చోబెట్టి, ఏజెన్సీ కుర్రాడికి ఇవ్వబోయే ప్రశ్నలు కాగితం మీద పెట్టమన్నాను. జీతమెంత, ఇల్లెవరి పేరున, ఇంతకుముందు ఎవరితోనైనా తిరిగాడా. అంతే, పెన్ను ఆగిపోయింది. మనవరాలు కాగితం లాక్కుని తనవి రాసింది. కోపమొస్తే ఏం చేస్తాడు? నా వీసా పనులు ఎవరి చేతిలో ఉంటాయి? నా జీతం ఎవరి ఖాతాలో పడాలంటాడు? చదువు అప్పు ఇంకా ఎంత ఉంది? “ఇవి డిటెక్టివ్‌కి ఎందుకు తాతయ్యా, నేనే అడుగుతాను” అంది. మా రోజుల్లో పిల్లని అడిగే ఆచారమే లేదు, పిల్ల అడిగే ఆచారం అసలే లేదు. ఈ ఒక్క విషయంలో ఈ కాలం మెరుగు. అడగడానికి సిగ్గుపడేది ఇప్పుడు పెద్దవాళ్లే. ఆ సిగ్గుకే ఏజెన్సీలు రేటు కట్టి వసూలు చేస్తున్నాయి.

ఇవన్నీ అయ్యాక కూడా ఏదైనా ప్రశ్న మిగిలితే పెట్టుకోండి డిటెక్టివ్‌ని, ఎవరొద్దన్నారు? ఏం కనుక్కోవాలో, ఏం చెయ్యకూడదో కాగితం మీద రాయించండి. డబ్బు విడతలవారీగా ఇచ్చి రసీదు తీసుకోండి. కాల్ లిస్టు మాటెత్తితే లేచి రండి. అన్నిటికంటే ముందు ఒకటడగండి: ఈ రిపోర్టు కింద సంతకం పెట్టేదెవరు, రేపు అబద్ధమని తేలితే నేనొచ్చి నిలదియ్యాల్సిన మనిషి పేరేమిటి? పేరు చెప్తే మాట్లాడండి. చెప్పకపోతే ఆ డబ్బుతో బస్సెక్కి, పెళ్లివారి ఊరు వెళ్లి, కిరాణా కొట్టు ఇంకా ఉందేమో చూసి రండి.