పన్నెండు గంటలు నిలబడ్డవాడికి నడకెందుకు?

మీరు కాబట్టి చెప్పుకుంటున్నాను. మీరూ ఇలాంటి పనేదో చేసే ఉంటారు.

సూరత్ లింబాయత్‌లో వరంగల్, కరీంనగర్, నల్గొండల నుంచి వచ్చిన పద్మశాలీలం చాలామందిమి ఉన్నాం. వ్యాయామం మాటెత్తితే మా జవాబొకటే: "పన్నెండు గంటల షిఫ్టు సాంచాల కాడ నిలబడ్డోళ్లం, మాకు నడకెందుకు?" అందరికంటే గట్టిగా అన్నది నేనే. సాంచాలు, అంటే మరమగ్గాలు, వదిలి ఏళ్లయినా ఆ మాట వదల్లేదు. అన్నేళ్లు ఒకేచోట నిలబడితే పిక్కల్లో నరాలు ఉబ్బాయి గానీ, గుండెకు ఒరిగిందేమీ లేదు.

చక్కెర హద్దుకు చేరింది, రోజూ కొంచెం నడవమన్నాడు డాక్టరు. ఆ "కొంచెం" దగ్గరే నా అహం దెబ్బతింది. కొంచెం చేసేది ముసలోళ్లు కదా! కొత్త బూట్లు కొన్నాను. ఫోనులో పదివేల అడుగుల లెక్క పెట్టించాను. రాత్రి అన్నం బంద్, సూరత్ టిఫిన్ లోచో బంద్, చాందీ పడ్వో పండగొచ్చినా ఘారీ మిఠాయి ముట్టనని వాడంతా వినేలా చాటాను. ఆ రోజు ఎన్ని మెప్పులో!

ఆదివారం డుమాస్ తీరానికి వెళ్లాం. ఇసకలో కుర్రాళ్లను దాటాను, ఇంకొకణ్ని దాటాను, వెనక్కి తిరిగి మనవడికి చెయ్యూపాను, అంతే, పిక్క పట్టేసింది, ఊపిరాడలేదు, వాడు పట్టుకొచ్చి బజ్జీల బండి దగ్గర కూర్చోబెట్టాడు, టమాటా బజ్జీల వాసనొచ్చింది, ఒక ప్లేటు, ఆపైన మరో ప్లేటు. "తాతా, బంద్ అన్నవ్ గద" అన్నాడు వాడు. బజ్జీ పేరు నేను చెప్పలేదన్నాను.

తర్వాత మంచం. అరవై దాటాక కండ ఎలాగూ త్వరగా కరుగుతుంది, పడుకుంటే మరీ త్వరగా. బాగుపడదామని బయల్దేరి ఉన్న బలమూ పోగొట్టుకున్నాను.

పెద్ద ఒట్టుకు ఆనాడే మెప్పు దొరుకుతుంది. టీ మరిగేలోపు ఒంటికాలిపై నిలబడ్డవాణ్ని ఎవరు పొగుడుతారు? అందుకే మనకు చిన్న పనులు ఆనవు. ఆ పదివేలు కూడా డాక్టర్లు తేల్చిన లెక్క కాదు, 1965లో జపాన్‌లో అమ్మిన అడుగులు కొలిచే యంత్రంతో ప్రచారమైన సంఖ్య. అమెరికాలో సగటున 72 ఏళ్ల ఆడవాళ్లను గమనించి 2019లో ప్రచురించిన అధ్యయనం వేరే మాట చెప్పింది. రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్లకంటే 4,400 వేసేవాళ్లలో మరణాలు తక్కువ. 7,500 దాటాక అదనపు మేలు కనిపించలేదు.

లండన్‌లో 96 మందితో చేసిన మరో పరిశీలన నాకు ప్రాణం పోసింది. రోజూ ఒకే సందర్భంలో ఒకే చిన్న పని చేస్తే, అది అలవాటు కావడానికి సగటున 66 రోజులు. కొందరికి 18 చాలు, కొందరికి 254 కావాలని అంచనా. మధ్యలో ఒకరోజు తప్పితే కొంప మునగదట. సాంచా నడిపినవాడికి ఇది కొత్త సంగతా? పోగు తెగితే ముడేసి మళ్లీ నడుపుతాం, బట్టంతా పారేయం.

ఇప్పుడు టీ పెట్టినప్పుడల్లా గట్టు పట్టుకుని ఒక్కో కాలిపై నిలబడతాను. 65 దాటినవాళ్లు వారానికి మూడు రోజులైనా తూకం నిలిపే కసరత్తు చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. పడిపోకుండా ఉండటానికి అది చాలా అవసరం. టీవీలో ప్రకటనలొస్తే చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చుంటాను. లోచో మానలేదు. ఆదివారం ఒక ప్లేటు, పైన నూనె వద్దంటాను.

రాత్రి తిన్నాక వీధి చివరిదాకా నడక. షిఫ్టు దిగొచ్చిన యాభై దాటినవాళ్లను రమ్మంటే, "పన్నెండు గంటలు నిలబడి వచ్చినం" అంటారు. ఆ మాట నాదే కదా, వాదించను. రోజూ గుమ్మం ముందు ఆగి పిలుస్తాను. ఒకరిద్దరు చెప్పులేసుకుని వస్తున్నారు.