బ్యాటరీలు తాగే పెట్టె

నేను రేడియోని. కరెంటు రేడియోని కాదు, బ్యాటరీ రేడియోని. అదీ ట్రాన్సిస్టర్లు పల్లెల్లోకి రాకముందు నాటి వాల్వు సెట్టుని. ముందు పలక మీద కంపెనీ పేరు ఎప్పుడో ఊడిపోయింది. లోపల బొటనవేలంత గాజు వాల్వులు నాలుగున్నాయి. వాటి మీది అచ్చు మాత్రం చెరగలేదు: డీకే96, డీఎఫ్96, డీఏఎఫ్96, డీఎల్96. నా పుట్టుపూర్వోత్తరాలకు అవే సాక్ష్యం.

1958లో రాజమండ్రిలో కొని, లాంచీలో గోదావరి మీదుగా నన్ను ఎగువకు తెచ్చారు. భద్రాచలం దగ్గర అప్పటికి వంతెన లేదు, అది 1965లో గానీ రాలేదు. దుమ్ముగూడెం దారిలో అడవి అంచు ఊరు మాది. అక్కడి బడిపంతులుగారి ఇంట్లో నాకు గూడు దొరికింది. నేను వచ్చేనాటికి ఆ ఊరు తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. మరుసటి ఏడు ఖమ్మం జిల్లాలో కలిసింది, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం అంటున్నారు. ఉన్నచోటే ఉండి మూడు జిల్లాలు చూశాను.

ఊళ్ళో కరెంటు లేదు కాబట్టే నాలాంటిదాన్ని కొన్నారు. నాకు రెండు రకాల మేత కావాలి. వాల్వుల్లోని సన్నటి తీగలు వేడెక్కడానికి ఒకటిన్నర వోల్టు, అసలు పనికి 90 వోల్టులు. రెండూ కలిపి ప్యాక్‌గా అమ్మేవారు. అది అయిపోతే పట్నం నుంచి తెప్పించాలి, ధర చూస్తే గుండె గుభేలుమనేది. అందుకే నన్ను తయారుచేసినవాళ్ళు పొదుపు నా ఒంట్లోనే పెట్టారు. మూడు వాల్వుల తీగలు తలా 25 మిల్లీయాంపులు, స్పీకరును మోగించే నాలుగోది 50. మొత్తం 125. స్విచ్ తిప్పగానే మాట వచ్చేది, కరెంటు సెట్లలాగా వేడెక్కేదాకా కాచుకోనక్కర్లేదు. స్పీకరుకు అందేది పావు వాటు కూడా కాదు గానీ, రాత్రి ఎనిమిదింటి నిశ్శబ్దంలో అరుగు మీద పాతిక మందికి అది ధారాళంగా సరిపోయేది.

పోస్టాఫీసులో ఏటా డబ్బు కట్టి లైసెన్సు తీసుకోవాలి, అప్పటి చట్టం అది. వసారా వాసాలకు రాగి జాలీ పట్టీ కట్టి ఏరియల్ చేశారు. ఎర్తు తీగను తులసికోట పక్కన తడి మట్టిలో పాతారు. ఇక పంతులుగారి లెక్క మొదలైంది. ఉదయం వార్తలు, సాయంత్రం వ్యవసాయ కార్యక్రమం. ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఇంటి ఆడవాళ్ళ మాట నెగ్గేది. షార్ట్‌వేవ్‌లో రేడియో సిలోన్, మీనాక్షి పొన్నుదురై తెలుగు మాట, సినిమా పాటలు. తునికాకు కోతల రోజుల్లో కల్లం నుంచి వచ్చిన కోయ కుర్రాళ్ళు కూడా అరుగు కింద కూర్చునేవారు. పాట ముగియగానే టక్కున కట్టేసేవారు పంతులుగారు. ఇంకొక్కటి అని అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

కొన్నేళ్ళకు నాకు చెడ్డపేరు వచ్చింది. నెలల తరబడి నడవాల్సిన ప్యాక్ సగం రోజులకే చతికిలబడేది. గొంతు కూడా బొంగురుపోయింది. పట్నంలో ఒక మెకానిక్‌కి చూపిస్తే చివరి వాల్వు మార్చి డబ్బు పుచ్చుకున్నాడు. జబ్బు మాత్రం నాలోనే ఉండిపోయింది. "ఇది బ్యాటరీలు తాగుద్ది" అని ఇల్లాలు తేల్చేసింది. ఇంతలో టార్చిలైటు సెల్లులతో నడిచే ట్రాన్సిస్టరు ఇంట్లోకి వచ్చింది, నేను అటకెక్కాను.

అటక మీది నుంచి చాలా విన్నాను. శ్రీరామనవమినాడు ఉషశ్రీ కల్యాణ వ్యాఖ్యానం చెబుతుంటే పనులన్నీ మాని ఇల్లంతా కూర్చుండిపోయేది. భద్రాద్రి ఇంత దగ్గర ఉండి కూడా, వెళ్ళలేనివాళ్ళకు ఆ గొంతే మిథిలా ప్రాంగణం. అది నా నోట పలకలేదు, కింద ఆ ట్రాన్సిస్టరు నోట పలికింది. ఆ ఉక్రోషం నాకు ఇప్పటికీ ఉంది. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరినప్పుడు మా ఇంట్లోకీ నీళ్ళొచ్చాయి. కింద ఉన్న ట్రాన్సిస్టరు మునిగింది, అటక మీద ఉన్నందుకు నేను మిగిలాను.

నన్ను దించినవాడు పంతులుగారి మనవడు. షికాగోలో ఉద్యోగం. అక్కడ ఇంటి కింది గదిలో పాత పిన్‌బాల్ మిషనొకటి బాగుచేశాడట. ఏటవాలు బల్ల మీద ఉక్కు గుండు దొర్లుతుంటే, అది కిందికి జారిపోకుండా మీట నొక్కి ఎగరగొట్టే ఆట అది. ఆ మీటలు మొదటిసారి వచ్చింది 1947లో, గాట్లీబ్ కంపెనీవారి హంప్టీ డంప్టీ మిషనులో. ఆ కంపెనీదీ షికాగోయే. నాయనమ్మకు ఫోనులో ఫొటోలు చూపించాడు. "గోళీలాటకి కరెంటెందుకురా?" అందావిడ.

ఆ మిషను వాడికి నేర్పిన పద్ధతే నన్ను బతికించింది. పాత పిన్‌బాల్‌లో వందల కాంటాక్టులు, పదుల రిలేలు ఉంటాయి. గంట మోగలేదని గంట మారిస్తే లాభం లేదు. గుండు తగిలిన చోటు నుంచి గంటదాకా తీగ వెంట నడవాలి. ఒక్కసారి ఒక్కదాన్నే ముట్టుకోవాలి, ముట్టుకున్నాక పరీక్షించాలి. నన్ను బల్ల మీద పెట్టాక కూడా వాడు ముందు స్విచ్ వెయ్యలేదు. వెనక అట్ట ఊడదీసి, కుమ్మరి పురుగు కట్టిన మట్టిగూళ్ళు చెక్కి, బ్రష్షుతో దుమ్ము దులిపాడు. ఎలుక కొరికిన స్పీకరు కాగితానికి పల్చటి బంకతో టిష్యూ అతికాడు. బ్యాండు స్విచ్ కాంటాక్టులు తుడిచాడు. మీటరు పెట్టి చూస్తే నాలుగు వాల్వుల తీగలూ తెగకుండా ఉన్నాయి.

90 వోల్టుల ప్యాక్ ఇప్పుడెక్కడా దొరకదు. భద్రాచలం బజారులో తొమ్మిది వోల్టుల చిన్న బ్యాటరీలు పది కొనుక్కొచ్చి, ఒకదాని మూతికి ఒకటి తగిలించాడు. లెక్క సరిపోయింది. ఒకటిన్నర వోల్టుకు పెద్ద సెల్లు ఒకటి. నా పాత ప్లగ్గు ఉండి ఉంటే తీగలు తారుమారయ్యే వీలే ఉండేది కాదు, కానీ అది ఎప్పుడో పోయింది. 90 వెళ్ళాల్సినది పొరపాటున ఒకటిన్నర దారిలోకి వెళ్తే నాలుగు వాల్వులూ రెప్పపాటులో కాలిపోతాయి. అందుకని పెద్ద వోల్టు తీగకు నాయనమ్మ ఎర్రచీర పీలిక కట్టాడు. ముందు మూడు బ్యాటరీలే తగిలించాడు, తర్వాత అయిదు, ఆ తర్వాత పది. ఇన్నేళ్ళు పడుకున్న కండెన్సర్ల మీద ఒక్కసారిగా బరువు మోపకూడదు.

పలికాను. అదే బొంగురు గొంతు. మీటరులో 20 మిల్లీయాంపులు. నా ఈడు సెట్టుకు 10, మహా అయితే 12 ఉండాలి. వాడు వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. చివరి వాల్వు గ్రిడ్డు దగ్గర మైనస్ వోల్టు ఉండాలి, ప్లస్ చూపిస్తోంది. అక్కడికి ప్లస్ వచ్చే దారి ఒక్కటే, ముందున్న వాల్వు నుంచి శబ్దాన్ని దాటించే కాగితం కండెన్సరు. శబ్దాన్ని పోనిచ్చి వోల్టును ఆపడం దాని పని. కాగితానికి చెమ్మ పట్టి, అది రెంటినీ పోనిస్తోంది. దాని ఒక కాలు టంకం కరిగించి లేపాడు. పాట ఆగింది, మీటరు ముల్లు 10కి దిగింది.

అదన్నమాట నా తాగుడు. వేలెడంత లేని కండెన్సరు చేసిన పనికి వాల్వు మార్చారు, నిందను నాకు అంటగట్టారు. ఆ పాత కాగితపు గొట్టాన్ని వాడు పారెయ్యలేదు. లోపలి పదార్థం తోడేసి, కొత్త ఫిల్ము కండెన్సరును అందులో దూర్చి, అడవి తేనెపట్టు మైనం కరిగించి రెండు చివరలా మూశాడు. పైకి చూస్తే అదే నేను.

నాయనమ్మను పిలిచి మీటరు చూపించి, విషయం విడమరిచి చెప్పాడు. ఆవిడ సాంతం విని, "అయితే ఆ మెకానిక్‌కి ఇచ్చిన డబ్బులు దండగేగా?" అంది. నన్ను తాగుబోతన్నందుకు ఒక్క ముక్క విచారం వ్యక్తం చెయ్యలేదు.

ఇప్పుడు నాకు మీడియం వేవ్‌లో 837 దగ్గర విజయవాడ అందుతుంది. చీకటి పడితే ఆకాశం ఎత్తుల్లోంచి తిరిగొచ్చే దూరపు కేంద్రాలు కూడా వినిపిస్తాయి. మా జిల్లాలోనే కొత్తగూడెం ఎఫ్ఎం ఉంది గానీ, ఆ భాష నాకు రాదు. పెద్ద చిక్కు ఇంకొకటి. ఎల్ఈడీ బల్బులు, ఫోను చార్జర్లు చేసే గరగర అంతా నా ఏరియల్‌లో పడుతుంది. ఊళ్ళో కరెంటు పోయినప్పుడే నాకు చెవులు శుభ్రంగా వినిపిస్తాయి. ఇవన్నీ చూసి కూడా మనవడు గోడ ప్లగ్గుకు తగిలించే చిన్న అడాప్టరు పెట్టె చేస్తానన్నాడు. పెడితే ఆ గరగరను తెచ్చి నా కడుపులోనే పెట్టినట్టు. రెండు రోజులు ప్రయత్నించి, తానే మానుకున్నాడు.

దాంతో లెక్క మళ్ళీ మొదలైంది. రోజుకు గంట చొప్పున అయితే పది బ్యాటరీలు నెల పైన వస్తాయి. మనవడు వెళ్ళాక నా మీద పెత్తనం నాయనమ్మ చేతికొచ్చింది. ఉదయం వార్తలు, నవమినాడు కల్యాణం, కరెంటు పోయిన రాత్రుల్లో పాటలు. పాట ముగియగానే టక్కున కట్టేస్తుంది, ముమ్మూర్తులా పంతులుగారే. రోజంతా మోత కావాలంటే ఇంట్లో ఫోన్లున్నాయి, వాటికి లెక్క అడిగేవాళ్ళు లేరు. ఎవరు ఎంతసేపు విన్నారో, ఏం విన్నారో నన్నడగండి, చెబుతాను. గంటకు మించి నాకు వద్దు.