గడ్డం తొండను గారాబంగా పెంచే పద్ధతి

మీ అబ్బాయి కుక్క కావాలన్నాడు. ఇంటి లీజు ఒప్పుకోదన్నారు. పిల్లి అన్నాడు. మీ ఆవిడకు తుమ్ములన్నారు. బేరం సాగి సాగి చివరికి బియర్డెడ్ డ్రాగన్ దగ్గర తెగింది. టెక్సాస్‌లో, ఫ్రిస్కోలోనో ప్లేనోలోనో ఉంటున్న తెలుగు కుటుంబానికి ఇదేమంత వింత కథ కాదు. ఊళ్ళో కంచె మీద తొండ తలాడిస్తే రాయి విసిరిన చేతులే మనవి. ఇప్పుడు ఆ చేతులతోనే క్రెడిట్ కార్డు గీకి, దాని గడ్డం చుట్టాన్ని కార్లో ఏసీ వేసి మరీ ఇంటికి తెచ్చుకున్నాం. చుట్టమని ఊరికే అనలేదు, రెండూ అగామిడే కుటుంబానివే. మన తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందంటారు. ఇది ముదిరితే దాదాపు రెండడుగులవుతుంది, సరిగ్గా చూసుకుంటే పదేళ్ళు బతుకుతుంది. అంతకాలం దానికి చాకిరీ చేసే ఓపిక లేనివాళ్ళ కోసమే ఈ సలహాలు.

ముందు ఇల్లు. పెద్ద తొండకు నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న ట్యాంకు కావాలని తెలిసినవాళ్ళు చెబుతారు. హాల్లో అంత పెట్టె పెడితే మరి టీవీ ఎక్కడ పెట్టుకోవాలి? గరాజ్ సేల్‌లో ఇరవై గ్యాలన్ల చేపల తొట్టి దొరుకుతుంది, తెచ్చేయండి. ఎడారి జీవి కదా, అడుగున మెత్తటి ఇసుక పొయ్యండి. పిల్ల తొండ పురుగు కోసం నోరు వేసినప్పుడల్లా కాస్త ఇసుకా మింగుతుంది, అది పేగుల్లో అడ్డం పడుతుంది. నున్నటి టైల్సో పాత న్యూస్‌పేపరో పరిస్తే ఈ బెడద ఉండదు కానీ ఫొటోల్లో బాగుండదు.

లైటు విషయంలో మాత్రం పెట్ స్టోర్ కుర్రాడి మాట అస్సలు వినకండి. వాడు రెండు లైట్లు అంటగడతాడు, ఒకటి వేడికి, ఇంకొకటి యూవీబీ ట్యూబు. మీ హాలు కిటికీ తూర్పు ముఖం. సూర్యనారాయణమూర్తి ఉచితంగా ఇస్తున్నదానికి డబ్బు పోసే తెలివితక్కువవాళ్ళమా? తొట్టిని కిటికీ పక్కకు జరిపితే సరిపోయె. అద్దం వెలుతురును రానిస్తుంది గాని యూవీబీని దాదాపు పూర్తిగా ఆపేస్తుందట. యూవీబీ తగలకపోతే చర్మంలో డి3 తయారు కాదట. డి3 లేకపోతే ఎంత కాల్షియం తినిపించినా ఒంటబట్టదట. అప్పుడు ఒళ్ళు తన ఎముకల్లోంచే కాల్షియం తోడుకుంటుందట, దవడ మెత్తబడుతుందట, కాళ్ళు వంకర్లు పోతాయట, వేళ్ళు వణుకుతాయట. ఇంత పొడుగు గొలుసు ఎవరికి గుర్తుంటుంది చెప్పండి! పైగా టెక్సాస్ ఎండలో కిటికీ పక్కన పెట్టిన గాజు తొట్టి మధ్యాహ్నానికి అవెన్ అవుతుంది. వేడి చాలడం లేదన్న ఫిర్యాదు ఉండదు.

పోరు పడలేక ట్యూబు కొన్నారే అనుకుందాం. ఇక దాని జోలికి పోకండి. ఏడాది తిరిగేసరికి దాంట్లో యూవీబీ బాగా తగ్గిపోతుంది, వెలుగు మాత్రం మామూలుగానే ఉంటుంది. వెలుగుతున్న ట్యూబ్‌లైటును తీసి పారేసే వంశంలో మనం పుట్టలేదు.

వేడికి వేరే లెక్కలున్నాయి. బల్బు కింద 100 నుంచి 105 డిగ్రీల ఫారెన్‌హీట్, చల్లటి మూల 75 నుంచి 85 మధ్య. తన ఒంట్లో తను వేడి పుట్టించుకోలేని ప్రాణి గనుక ఈ మూలకూ ఆ మూలకూ తిరిగి సర్దుకుంటుంది. ఆ వేడి అందకపోతే తిన్నది అరగదు. మీరు ఇంట్లో థర్మోస్టాట్ 75 దగ్గర పెట్టారు, మీకు హాయిగా ఉంది, దానికెందుకు ఉండదు? మరీ జాలేస్తే కరెంటుతో వేడెక్కే రాయి ఒకటి పెట్టండి. తొండకు వేడి పైనుంచి, సూర్యుడి వైపు నుంచి తెలుస్తుందిగాని పొట్ట కింద కాలుతున్న సంగతి తొందరగా తెలియదు. లేవకుండా హాయిగా పడుకుని ఉందని మీరు మురిసిపోవచ్చు. రాత్రి చీకటికి భయపడకుండా జీరో బల్బు వేసి ఉంచండి. ఎర్రదైతే దానికి కనబడదని ఎవరో చెప్పే ఉంటారు. ఎరుపు రంగు దానికి చక్కగా కనబడుతుంది, నిద్ర చెడుతుంది.

తిండి దగ్గర మన చెయ్యి పెద్దది. పిల్ల తొండకు రోజూ పురుగులు కావాలి, కీచురాళ్ళు, డ్యూబియా బొద్దింకలు, నల్ల సోల్జర్ ఈగ లార్వాలు. తన రెండు కళ్ళ మధ్య దూరం కన్నా పెద్ద పురుగు వెయ్యకూడదు. వాటికి ముందురోజే మంచి మేత పెట్టి, వేసే ముందు విబూది రాసినట్టు కాల్షియం పౌడర్ పట్టించాలి. శాకాహారుల ఇంట్లో ఈ హింసేమిటి? ఉల్లిపాయ కూడా తినని అత్తగారు ఉన్న ఇంట్లో ఫ్రిజ్ పక్కన బొద్దింకల డబ్బానా? పెరుగన్నం పెట్టండి. పాలు అరిగించుకునే ఏర్పాటు సరీసృపాల కడుపులో లేదు, అది వాటి సమస్య.

ఆకుకూర తప్పదంటే పాలకూరో చుక్కకూరో కట్టలు కట్టలుగా వెయ్యండి. వాటిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుని బయటికి లాక్కుపోతాయి. కిటికీ అద్దంతో మొదలుపెట్టిన పని దీనితో పూర్తవుతుంది. ఆవాకు, టర్నిప్ ఆకు, కొలార్డ్, డాండెలియన్, తురిమిన గుమ్మడి లాంటివి పెట్టేవాళ్ళున్నారు, వాళ్ళకు వేరే పనేమీ ఉన్నట్టు లేదు. అవకాడో ముక్క మాత్రం మరిచిపోకండి. మనకు అంత మంచిదైనది దానికి విషమంటే నమ్మబుద్ధి కాదు కదా.

పెద్దదయ్యాక తిండి లెక్క తిరగబడుతుంది. అప్పుడు పళ్ళెంలో ముప్పాతిక వంతు ఆకులుండాలి, పురుగులు వారానికి కొన్నిసార్లు చాలు. ఆకులంటే అది మొహం తిప్పుకుంటుంది, వ్యాక్స్‌వర్మ్ అంటే గెంతుకుంటూ వస్తుంది. మనవడు అన్నం మాని చాక్లెట్ అడిగితే ఇవ్వని మామ్మ ఉంటుందా? ఇవ్వండి. కొవ్వు లివర్‌లోకి చేరే దాకా ఇవ్వండి. ఊరెళ్ళేటప్పుడు కీచురాళ్ళ డబ్బా మొత్తం తొట్టిలో బోర్లించి వెళ్ళండి, ఆకలేసినప్పుడు అదే తింటుంది. రాత్రిపూట ఆకలి కీచురాళ్ళకూ వేస్తుంది. నిద్రపోతున్న తొండ వేళ్ళూ తోకా వాటికి అందుబాటులోనే ఉంటాయి.

ఒక్కచోట మాత్రం వేళాకోళం ఆపుతాను. వేసవి సాయంత్రం పెరట్లో మిణుగురులు ఎగురుతుంటే పిల్లలు పట్టి సీసాలో వేస్తారు, వాటిలో ఒకటి సరదాగా తొండకు అందిస్తారు. వద్దు. ఒక్క మిణుగురు చాలు చంపడానికి. అమెరికా మిణుగురుల్లో కప్పల విషానికి దగ్గరి చుట్టాలైన లూసిబుఫాజిన్లు ఉంటాయి. ఇలా చనిపోయిన గడ్డం తొండల సంగతి 1999లోనే శాస్త్రవేత్తలు రాశారు. అమెరికా పక్షులకూ సాలీళ్ళకూ ఆ వెలుగును చూసి తప్పుకోవడం తెలుసు. ఆస్ట్రేలియా ఎర్రమట్టి నేలల్లో రూపుదిద్దుకున్న ఈ జాతికి ఆ సంగతి తెలియదు, ఎగిరేది ఏదైనా దానికి భోజనమే.

మళ్ళీ మన దారికొద్దాం. దాన్ని ఎత్తుకోవాలంటే ఎప్పుడూ పైనుంచి గబుక్కున పట్టుకోండి. నడినెత్తిన దానికి మూడో కన్నులాంటి మచ్చ ఉంటుంది, బొమ్మలు కనబడవు గాని వెలుగునీడలు తెలుస్తాయి. పైనుంచి నీడ పడిందంటే దాని లెక్కలో గద్ద వచ్చినట్టే. రోజుకు రెండుసార్లు గద్దలొస్తే మనిషికైనా అలవాటవుతుంది.

కొన్నాళ్ళకు అది ముందుకాలు ఎత్తి మెల్లగా గుండ్రంగా ఊపుతుంది. టాటా చెబుతోందని ఇంటిల్లిపాదీ ఊపండి, వీడియో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టండి. నేను చిన్నదాన్ని, నన్నేం చెయ్యొద్దు అని అది బతిమాలుకుంటున్న సంగతి గుంటూరులో ఉన్న పెదనాన్నకు తెలియాల్సిన పని లేదు. గడ్డం ఉబ్బి నల్లబడితే దిష్టి తగిలిందన్నమాట. దిగులుకో కోపానికో నొప్పికో అలా అవుతుందని చదివినవాళ్ళంటారు, చదువుకు అందనివి బోలెడున్నాయి. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వెయ్యండి. స్మోక్ అలారం మోగితే దిష్టి పోయినట్టే.

ఇంకా దిగులుగా ఉందా? తోడు తెండి. నెల తిరక్కుండా ఒకదాని మీద ఒకటెక్కి పడుకుంటాయి, చూసేవాళ్ళు ఎంత అన్యోన్యమో అంటారు. పైనున్నది బల్బు వేడిని కాజేస్తోంది, కిందున్నది నలుగుతోంది. ఒకనాడు కిందదాని తోక చివర కనబడదు. ఎడారిలో ఒంటరిగా బతికే జంతువుకు ఒంటరితనమనే జబ్బు అంటగట్టింది మనమే. రెంటిలో ఒకటి ఆడదైతే గుడ్లూ పెడుతుంది. మగతోడు లేకున్నా పెట్టగలదు, అంచేత అత్తగారు ఎవరినీ అనుమానించనక్కర్లేదు.

స్నానం కిచెన్ సింకులో చేయించండి, ఇడ్లీ పిండి గిన్నె పక్కకు జరిపితే చాలు. సాల్మొనెల్లా దాని పేగుల్లో కాపురముంటుంది, పైకి జబ్బేమీ కనబడదు. గడ్డం తొండల వల్ల మనుషులకు సోకిన సాల్మొనెల్లా మీద అమెరికా సీడీసీ 2014లోనూ ఆ తర్వాతా దర్యాప్తులు చేసింది. ఐదేళ్ళలోపు పిల్లల్ని దూరంగా ఉంచమంది, ముద్దులొద్దంది, ముట్టుకున్న చెయ్యి సబ్బుతో కడుక్కోమంది. చంటిదాన్ని ముద్దాడనివ్వకపోతే ఇక తెచ్చుకున్నది ఎందుకు?

చలికాలం మొదలయ్యాక ఒకనాడు అది ఓ మూలకు చేరి పడుకుంటుంది. తినదు, లేవదు. వారాలు గడుస్తాయి, ఒక్కోసారి నెలలు. పెద్ద తొండల్లో ఇది మామూలే, బ్రూమేషన్ అంటారు. ముందొకసారి సరీసృపాలు చూసే వెటర్నరీ డాక్టరుకు చూపించి, మల పరీక్ష చేయించి, బరువు చూస్తూ పడుకోనివ్వాలి. మీరు మాత్రం నోరు తెరిచి కషాయం పొయ్యండి. లేదా తొందరపడి పెరట్లో గొయ్యి తవ్వండి. డాక్టరు బిల్లు చూశాక రెండోదే నయమనిపిస్తుంది.

ఇవన్నీ దాటుకుని కూడా బతికిందంటే గట్టి పిండమే. కానీ జూన్‌లో ఇండియా టిక్కెట్లు బుక్కయి ఉంటాయి, ఆరు వారాలు చూసుకునే స్నేహితులెవరూ దొరకరు. పార్కులో చెట్టు కింద వదిలేసి, ఆస్ట్రేలియా పంపేశామని అబ్బాయికి చెప్పండి. తన అడవి జంతువులను వ్యాపారానికి ఎగుమతి చెయ్యనివ్వని దేశం అది. మీ తొండ తాతముత్తాతలు ఎన్నో తరాలుగా ఇక్కడి డబ్బాల్లోనే పుట్టారు. అయినా వాడు గూగుల్ చేసే వయసుకు రాలేదు కదా. తొట్టి మాత్రం పారెయ్యకండి. తిరిగొచ్చాక వాడు తాబేలు కావాలంటాడు, దానికీ నా దగ్గర సలహాలున్నాయి.